మేనల్లుడికి, షెడ్డు తెరిచే ముందు

నాన్నా,

గుంటూరులో సొంతంగా లారీ ఎలక్ట్రికల్ షెడ్డు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ సంతోషంలో ఇక్కడ ఆటోనగర్‌లో అందరికీ చెప్పుకున్నా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

తెలిసినవే మళ్లీ చెప్పను. లారీకి 24 వోల్టులు, 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలుగుతోందా, బల్బు మార్చకు, ఎర్త్ చూడు, అదే బాడీకి బిగించే వైరు.

ఫ్యూజు సంగతి మాత్రం రెండుసార్లు చదువు.

నేను షెడ్డు పెట్టిన కొత్తలో ఒక రాత్రి, గుంటూరు నుంచి కలకత్తా వెళ్లే మిర్చి లోడు ఆగింది. వెనక లైట్లు లేవు. 15 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే వెలిగాయి, బండి కదలగానే పోయాయి. ఇంకోటి వేశా, అదీ అంతే. కదిలితే పోతోందంటేనే వైరు ఎక్కడో ఇనుముకు రాసుకుంటోందని తెలియాలి. డ్రైవరు తొందర పెడుతున్నాడు. నాలుగు రాగి పోగులు తీసి, ఇక కాలిపోకుండా ఫ్యూజు కాళ్లకు చుట్టేసి పంపించేశా.

హనుమాన్ జంక్షన్ దగ్గర బండి అంటుకుంది. బకెట్లతో వచ్చినవాళ్లు మిరప ఘాటుకు దగ్గుతూ వెనక్కి పోయారట. డ్రైవరు దూకేశాడు. క్లీనరు కుర్రాడికి చేతులు కాలాయి, నీకన్నా చిన్నవాడు. పొద్దున వెళ్లి చూస్తే, ఛాసిస్ అడ్డ కమ్మీ, అదే క్రాస్ మెంబర్ దగ్గర వైరు క్లిప్పు ఊడిపోయి, రాగి తీగలు ఇనుముకు అతుక్కుపోయి ఉన్నాయి. టార్చి వేసుకుని ఐదు నిమిషాలు కింద దూరితే కనిపించేది. ఇప్పటికీ ఇంట్లో ఎండుమిరపకాయలు వేగితే నేను లేచి వీధిలోకి పోతాను. మీ అత్త ఏమీ అడగదు.

ఫ్యూజు రెండోసారి పోతే బండి వదలకు. డ్రైవరు తిడితే తిట్టనీ. ఆ లైన్‌లో బల్బులన్నీ తీసేసి, ఫ్యూజు ఉండే చోట టెస్ట్ ల్యాంపు, అదే రెండు వైర్ల బల్బు, తగిలించు. వైరింగ్‌ను చేత్తో కదుపుతూ వెనక్కి వెళ్లు. ఎక్కడ కదిపితే ల్యాంపు వెలిగిందో అక్కడే షార్టు. ఫ్యూజు పెట్టెలో రాగి పోగు కనిపించిందో, మేనల్లుడివని కూడా చూడను, చెయ్యి చేసుకుంటా.

పనిలో పడితే అన్నం మానేస్తావు. క్యారేజీ పంపమని మీ అమ్మకు చెప్పా, మధ్యాహ్నం తిను.

ఆదివారం వస్తున్నా. నా టెస్ట్ ల్యాంపు నీకే. కొత్త వైర్లు వేశా, పది మీటర్లు. లారీ చివరిదాకా నీ చేతిలోనే ఉంటుంది.

మీ మామయ్య