చైనా నుంచి స్పీకర్లు తెప్పించి మన పేరుతో అమ్మితే ఈ-వేస్ట్ బాధ్యత మనదేనా?

అవును, మీదే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల్లో 'ప్రొడ్యూసర్' అంటే ఫ్యాక్టరీ ఉన్నవాళ్లు మాత్రమే కాదు. దిగుమతి చేసి అమ్మేవాళ్లు, వేరేవాళ్లు తయారుచేసిన సరుకును సొంత బ్రాండ్‌తో అమ్మేవాళ్లు కూడా. ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం మీది సూక్ష్మ సంస్థ అయితే ఈ నిబంధనలు వర్తించవు. ముందు అది చూసుకోండి.

వర్తిస్తే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. పాత స్పీకర్లను ఇంటింటికీ తిరిగి సేకరించాలేమో అని టెన్షన్ పడకండి. ఏటా ఇంత బరువు ఈ-వేస్ట్ రీసైకిల్ చేయించాలని మీకో లక్ష్యం ఉంటుంది. దానికి సరిపడా ఈపీఆర్ సర్టిఫికెట్లను, అంటే అంత సరుకు రీసైకిల్ అయిందని చూపే పత్రాలను, రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర కొంటే చాలు. లక్ష్యాన్ని ఈ ఏటి అమ్మకాలతో లెక్కకట్టరు. వస్తువు సగటు ఆయుష్షు ఎన్నేళ్లో అన్నేళ్ల కిందట అమ్మిన బరువులో 2025-26, 2026-27లకు 70 శాతం, ఆ తర్వాత 80 శాతం. కొత్తగా అమ్మకాలు మొదలుపెట్టినవాళ్లకు లక్ష్యం తక్కువ.

మూడు నెలలకోసారి, ఏడాదికోసారి రిటర్నులు వేయాలి. చాలామంది తడబడేది ఇక్కడే, అమ్మకాలను బరువుల్లో రాసిపెట్టుకోరు. మొదటి ఇన్వాయిస్ నుంచే కిలోల లెక్క ఉంచుకోండి. సర్టిఫికెట్ మరీ చవగ్గా ఇస్తామంటే, ఆ రీసైక్లర్ పేరు పోర్టల్‌లో ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి. కాగితం మీద మాత్రమే రీసైకిల్ అయిన సరుకులోని సీసం చివరికి మన నేలలోకే చేరుతుంది.