గేర్‌బాక్స్ దింపించే ముందు…

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. ఇల్లు ఏటిగట్టు కిందే, బండి గట్టు వాలులో పెడతాను. పొద్దున్నే ‘పి’ (పార్కింగ్) నుంచి ‘ఆర్’ (రివర్స్)లోకి వేస్తే ధడేల్మంటోంది. గతుకుల్లో ముందు ఎడమవైపు టకటక. గేర్‌బాక్స్ దింపాలి, అమ్మినాయన ‘హైడ్రాలిక్’ అని చెప్పిన సస్పెన్షన్ మొత్తం మార్చాలి అంటున్నాడు మెకానిక్.
– ఓ రొయ్యల రైతు, రాజోలు

జవాబు: ఏదీ దింపించకండి, ఆగండి. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. వాలులో ‘పి’ వేసి బ్రేక్ మీంచి కాలు తీసేస్తే బండి బరువంతా గేర్‌బాక్స్‌లోని చిన్న కొక్కెం మీద పడుతుంది. పొద్దున లివర్ లాగగానే అది పళ్లలోంచి ఊడొచ్చే చప్పుడే అది. ఇకనుంచి ఆపాక ‘ఎన్’ (న్యూట్రల్)లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేయండి. కాలు తీసి, బండి దాని మీద నిలిచిందని చూసుకుని, మళ్లీ బ్రేక్ తొక్కి అప్పుడు ‘పి’ వేయండి.

చదును నేల మీద కూడా కుదిపితే ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూపించి, తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్ చూపించండి. కొత్త బళ్లలో చాలావాటికి ఆయిల్ కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా, బండి సమంగా ఉండి, ఆయిల్ కంపెనీ చెప్పిన వేడికి వచ్చాక కింది ప్లగ్ తీసి లెవెల్ చూడాలి. చల్లటి బండికి చూసి ‘సరిపోయింది’ అన్నవాడి మాట నమ్మకండి. నల్లబడి మాడు వాసనొస్తే క్లచ్ ప్లేట్లు అరుగుతున్నట్టు. రాజమండ్రి రోజ్‌మిల్క్ రంగులో ఉంటే మాత్రం నీళ్లు కలిశాయి, ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్ చిల్లుపడి ఉండొచ్చు. లేదా ఎవరో వరదలో కాజ్‌వే దాటించి ఉండొచ్చు: కాగిన గేర్‌బాక్స్ చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బ్రీదర్‌లోంచి (గాలి ఆడే రంధ్రంలోంచి) నీళ్లు పీలుస్తుంది.

‘లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు’ అంటారు. ఎవరి లైఫో అడగండి! మార్చేటప్పుడు మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి. ఒకసారి పాత ఆయిల్ వంపేస్తే మొత్తం రాదు, చాలాభాగం టార్క్ కన్వర్టర్‌లోనే (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్‌తో పనిచేసే భాగం) ఉండిపోతుంది. కొన్నాళ్లు నడిపి మరోసారి మార్చాలి.

ఇక సస్పెన్షన్. 1955లో సిట్రోయెన్ ‘డీఎస్’ కారుకి పెట్టింది అసలైన హైడ్రాలిక్ పద్ధతి: స్ప్రింగుల బదులు నైట్రోజన్ గోళాలు, పంపు, ఆయిల్. ఆపి ఉంచితే కారు మెల్లగా కిందికి దిగేది, స్టార్ట్ చేస్తే పైకి లేచేది. మీది అలా లేస్తోందా? రాత్రి మడ్‌గార్డ్ అంచు నుంచి చక్రం మధ్యకు టేపు పెట్టి కొలవండి, తెల్లారి మళ్లీ కొలవండి. తేడా లేకపోతే మీవి మామూలు షాక్ అబ్జార్బర్లే. వాటిలోనూ ఆయిలే ఉంటుంది కాబట్టి అమ్మినాయన ఆ పేరు వాడుకున్నాడు.

షాక్ మీద పల్చటి తడి, దానికంటిన దుమ్ము ఉంటే ఫరవాలేదు. ఆయిల్ ధారకట్టి దిగితేనే మార్చాలి, అదీ ముందు రెండూ జతగా. కానీ మెల్లగా పోతున్నప్పుడు వచ్చే టకటక ఎక్కువసార్లు స్టెబిలైజర్ లింక్ రాడ్‌దే (బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కి కలిపే చిన్న రాడ్). ఆ లింకులు రెండు వైపులా విప్పించి వీధిలో నెమ్మదిగా ఓ చుట్టు తిప్పండి. చప్పుడు ఆగితే దొంగ దొరికాడు. ఆగకపోతే షాక్ పైకొసను బాడీకి పట్టించే స్ట్రట్ మౌంటింగ్, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్ రబ్బరు బుష్‌లు చూడాలి. చెరువుల ఉప్పునీళ్లు తగిలే బండి కదా, అడుగుభాగం మంచినీళ్లతో కడిగిస్తూ ఉండండి.

ప్రశ్న: ఆటోమేటిక్ కారు చేనుగట్టు పక్క బురదలో దిగబడింది. ట్రాక్టర్‌తో ఇంటిదాకా లాగించొచ్చా?
– భీమవరం పాఠకుడు

జవాబు: బురదలోంచి గట్టెక్కేవరకు ‘ఎన్’లో పెట్టి మెల్లగా లాగించండి, అంతే. గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిప్పే పంపు ఇంజిన్ నడిస్తేనే పనిచేస్తుంది. అందుకని ఇంజిన్ స్టార్ట్ కాకపోతే ఇంటికి ఫ్లాట్‌బెడ్ (కారు మొత్తాన్ని పైకెక్కించుకునే) బండి మీదే.