పాత కాలేజీ పత్రికల మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికాలోని హార్వర్డ్ కాలేజీ పాత విద్యార్థి పత్రికల మీద నువ్వు రాసిన సమీక్ష చదివాను. వాక్యం నీకు పట్టుబడింది, దాని గురించి బెంగ లేదు. నా పేచీ అంతా నీ చూపుతోనే. 1899 మే నెల ‘హార్వర్డ్ మంత్లీ’ తెరిచావు, అప్పటికి అక్కడ విద్యార్థిగా ఉన్న వాలెస్ స్టీవెన్స్ రాసిన సానెట్, అంటే పద్నాలుగు పాదాల పద్యం, ఒక్కటి చదివావు, అందులో రాబోయే మహాకవి జాడలు వెతికి సంచిక మూసేశావు. తక్కిన కుర్రాళ్లు ఏ పాపం చేశారు? వాళ్లు తర్వాత వకీళ్లయ్యారో, బ్యాంకుల్లో కుదిరారో మనకు అనవసరం. ఆ నెల వాళ్లు అచ్చేసిన కథ నిలబడిందా లేదా, అది చెప్పడం సమీక్షకురాలి పని.

పోనీ ఆ సానెట్ సంగతైనా పూర్తిగా చెప్పలేదు. దానికి జవాబుగా అక్కడ పాఠాలు చెప్పే జార్జ్ సాంతయానా ఇంకో సానెట్ రాశాడు. 1885లో ఆ పత్రికను మొదలుపెట్టిన విద్యార్థుల్లో ఆయనా ఒకడు. పద్యానికి పద్యంతో బదులివ్వడం మనవాళ్లకు తెలియని విద్య కాదు, ఆ రుచి నీకూ తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చదువు. మాష్టారికి ఆ కుర్రాడి మాట ఎక్కడ నచ్చలేదో పట్టుకుంటే నీ వ్యాసానికి ప్రాణం వస్తుంది.

సంతకాలను బట్టి లెక్కలు వేయకు. 1900లో హార్వర్డ్‌లోదే మరో విద్యార్థి పత్రిక ‘అడ్వొకేట్’ నడిపినప్పుడు స్టీవెన్స్ పేజీలు నింపడానికి మారుపేర్లతోనూ రాశాడు. అంతకుముందు, 1891లో హార్వర్డ్‌లో చేరిన, తర్వాత కవిగా పేరు తెచ్చుకున్న ఎడ్విన్ ఆర్లింగ్టన్ రాబిన్సన్ పద్యాలను ‘అడ్వొకేట్’ వేసుకుంది. ‘మంత్లీ’లో చోటు కోసం అతను ఆశపడ్డా దొరకలేదు. సంపాదకులకు కళ్లు లేవని తిట్టడం తేలిక. ఆ నెలల్లో వాళ్లు ఏం అచ్చేశారో చదివితే వాళ్ల రుచి ఏమిటో తెలుస్తుంది. రాయాల్సింది దాని గురించి.

ఇంకో మాట. అమెరికా కాలేజీలు తమ పత్రికలను ఒకదానికొకటి పంపుకునేవి. అలా వచ్చినవాటి మీద అభిప్రాయాలు రాయడానికి ‘ఎక్స్ఛేంజెస్’ అని ఒక శీర్షిక ఉండేది. అంటే ఈ పనిలో నీకు ముందున్నవాళ్లు ఆ విద్యార్థులే. ఆ శీర్షిక వదలకుండా చదువు.

వినోదాల విషయానికి వస్తే, 1881 మేలో హార్వర్డ్‌లోని శాండర్స్ థియేటర్‌లో సోఫోక్లిస్ ‘ఈడిపస్’ను గ్రీకులోనే ఆడారు. మరుసటి ఏడు అక్కడి విద్యార్థుల హేస్టీ పుడ్డింగ్ క్లబ్బు ఓవెన్ విస్టర్ రాసిన ‘డైడో అండ్ ఈనియస్’ అనే హాస్య సంగీత నాటకం వేసింది. మొదటిదాని కొలతతో రెండోదాన్ని కొలిచి ‘చవకబారు’ అనేశావు. డైడో, ఈనియస్‌ల కథ రోమన్ కవి వర్జిల్ కావ్యంలోది. ఆ వర్జిల్‌ను లాటిన్‌లో చదివితే గాని ఆ కాలేజీ గడప తొక్కలేని కుర్రాళ్లు ఆ హాల్లో ఉన్నారు. తాము బట్టీపట్టిన కావ్యాన్ని తోటివాళ్లే ఆటపట్టిస్తుంటే ఎలా నవ్వి ఉంటారో ముందు ఊహించు, తీర్పు తర్వాత. ఆడవేషాలూ అంతే. మన స్టేజీ మీద మగవాడు స్త్రీ పాత్ర కడితే స్త్రీ అనిపించాలి. వాళ్లకు మాత్రం లోపలి మగపిల్లాడు కనపడితేనే నవ్వు.

కానీ అన్నిటికీ ఈ దయ చూపించకు. ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ఆటలు ఆనాటి అమెరికా కాలేజీల్లో మామూలు. నువ్వు ‘కాలం అలాంటిది’ అని ఒక్క ముక్కలో సర్దేశావు. ఆ కాలంలోనే, 1888లో, తర్వాత నల్లజాతి మేధావిగా పేరుపొందిన డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ హార్వర్డ్‌లో చేరాడు. చాలామంది కంటే తన గొంతు బాగుంటుందని తెలిసి విద్యార్థుల బృందగాన సంఘమైన గ్లీ క్లబ్బు పాటగాళ్లలో చేరబోయాడు. తీసుకోలేదు. ఆ క్లబ్బు పాటల సభల్లో ఎవరు పాడారో రాసేటప్పుడు ఎవరిని పాడనివ్వలేదో కూడా రాయాలి. ఈ విషయంలో నేను పట్టు వదలను.

వ్యాసం తిరగరాసి పంపు. ఈసారి ఒకే ఒక్క సంచిక తీసుకో, అట్ట నుంచి దర్జీ కొట్ల ప్రకటనల దాకా చదువు. అందులో పేరు తెలియని కుర్రాడి కథ ఏదైనా నీకు నిజంగా నచ్చితే, దాంతోనే మొదలుపెట్టు.