ధాత తిరిగి వచ్చింది, కరువు రాలేదు

ప్రశ్న: అయ్యవారికి నమస్కారం. మాది వానను నమ్ముకున్న ఎనిమిది ఎకరాల మెట్ట. ధాత కరువు 60 ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తుందని మా జేజినాయన చెప్పేవారు. ఇప్పుడు ఫోను తెరిస్తే ఎల్‌నినో అంటున్నారు. ఆకాశంలో బాగా పైన గాలి 28 నెలలకు ఒకసారి దిక్కు మార్చుకుంటుందని మా అబ్బాయి కాలేజీలో విని వచ్చాడు. ఇన్ని చక్రాలు తిరుగుతున్నప్పుడు, ఏ ఏడు వేరుశనగ వేయాలో, ఏ ఏడు కందితో సరిపెట్టుకోవాలో తేల్చే లెక్క ఒకటి ఉండాలి కదా? — ఒక రైతు, పత్తికొండ

జవాబు: ముందు మీ జేజినాయన లెక్కే చూద్దాం, దాన్ని సరిచూడటం తేలిక. ధాత నామ సంవత్సరం 1876లో వచ్చింది. ఆ కరువు 1878 దాకా సాగి కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఊడ్చిపెట్టింది. అదే ధాత మళ్లీ 1936లో, ఆ తరువాత 1996లో వచ్చింది. 1996లో దేశం మొత్తం మీద వానలు బాగానే కురిశాయి. ఆ ఏడాది మన రాష్ట్రం ఏడ్చింది వాన లేక కాదు, నవంబరు 6న కోనసీమను పడగొట్టిన తుపాను వల్ల. 60 ఏళ్ల చక్రం గురు గ్రహం నడకను బట్టి పెద్దలు కట్టుకున్నది. ఏళ్లకు పేర్లు పెట్టుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది. మబ్బుకు మాత్రం ఆ పేర్లతో పని లేదు.

మరి 1877లో జరిగింది ఏమిటి? పసిఫిక్ సముద్రంలో ఎల్‌నినో చాలా బలంగా వచ్చింది. మామూలు రోజుల్లో అక్కడి తూర్పు గాలులు వేడి నీటిని ఇండోనేషియా వైపు తోస్తాయి. గాలి అక్కడ పైకి లేచి వానలు కురుస్తాయి. ఎల్‌నినో వచ్చిన ఏడు ఆ తోపు సడలుతుంది, వేడి నీరు పెరూ వైపు జరుగుతుంది, గాలి పైకి లేచే చోటూ దానితో పాటే జరుగుతుంది. అప్పుడు మన వైపు గాలి కిందికి దిగుతుంది. దిగే గాలి కింద మబ్బు కట్టదు.

ఈ తూగుటుయ్యాలను లెక్కల్లో పట్టినవాడు గిల్బర్ట్ వాకర్. 1904 నుంచి 1924 వరకు మన వాతావరణ శాఖకు అధిపతి. గణితం చదివి వచ్చిన మనిషి, బూమరాంగ్ విసరడమంటే మహా సరదా. తిరిగి వచ్చే వస్తువుల మీద ఆయనకు మొదటి నుంచీ మోజు ఉన్నట్టుంది. దేశదేశాల నుంచి తెప్పించిన పీడనం లెక్కలను భారతీయ గుమాస్తాల చేత ఏళ్ల తరబడి కూడికలు, గుణకారాలు చేయించాడు. పసిఫిక్ మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుంది, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుంది అని తేల్చాడు. అయితే ఆ ఉయ్యాలకు గడియారం లేదు. ఒక్కోసారి రెండేళ్లకే ఊగుతుంది, ఒక్కోసారి ఏడేళ్లు పడుతుంది.

ఊగినా అది మన చేనికి ఏం చేస్తుందో ముందే చెప్పలేం. 1997లో ఎల్‌నినో విపరీతంగా బలపడింది, దేశంలో వానలు మాత్రం మామూలుగానే కురిశాయి. 2009 సంగతి నేను చచ్చేదాకా మరచిపోను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత, గాలి దిక్కు నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఆ ఏడు జూలై పుటల్లో ఎక్కడ చూసినా 'మబ్బు లేదు' అనే మాటే. ఎల్‌నినో ఏడు, దేశంలో వాన 22 శాతం తగ్గింది. అదే ఏడు అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేశాయి. పాతబస్తీలోని మా ఇంట్లో నీళ్లు కిటికీల పైకి వచ్చాయి. 'మబ్బు లేదు' అని రాసిన పుస్తకం నీళ్లలో నాని ముద్దయింది. అటక మీద ఉన్నవి రెండే మిగిలాయి. వాటి పుటలను మా ఇంటావిడ బట్టల తీగ మీద ఆరేసింది. ఆ సిరా మరకలను చూసినప్పుడల్లా, కరువు ఏడని ఎవరైనా గట్టిగా చెబితే నాకు నవ్వు వస్తుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఎల్‌నినో అంచనాలు అన్నిటికంటే బలహీనంగా ఉండేది మార్చి నుంచి మే వరకు, అంటే ఉగాదికి అటూ ఇటూ. మీరు విత్తనం కాయలు కొనాలా వద్దా అని తలపట్టుకునేదీ సరిగ్గా అప్పుడే. ఆ సంగతిలో శాస్త్రవేత్త కూడా పంచాంగ శ్రవణం చెప్పే అయ్యగారి పక్కనే కూర్చున్నాడు. కాకపోతే తన అంచనా బలహీనమని పైకి చెబుతాడు.

ఇక మీ అబ్బాయి విన్నది నిజం. భూమధ్యరేఖ పొడవునా, సుమారు 16 కిలోమీటర్లకు పైన, గాలి కొన్ని నెలలు తూర్పు నుంచి, కొన్ని నెలలు పడమర నుంచి వీస్తుంది. సగటున 28 నెలలకు ఒక చుట్టు. కొత్త దిక్కు పైన మొదలై నెలకు ఒక కిలోమీటరు చొప్పున కిందికి దిగుతుంది. గాలితో పాటు అక్కడి ఉష్ణోగ్రతా కొన్ని డిగ్రీలు అటూ ఇటూ మారుతుంది. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు దాని ధూళి పడమరకు సాగి రెండు వారాల్లో భూమిని చుట్టింది. 1908లో ఆఫ్రికాలో బెలూన్లు ఎగరేస్తే అవి ఎదురు దిక్కుకు పోయాయి. ఎవరి మాట నమ్మాలో చాలా కాలం తెలియలేదు. ఇద్దరి మాటా నిజమేనని, గాలే తిరగబడుతోందని 1960 ప్రాంతంలో రీడ్, ఎబ్డన్ వేరువేరుగా తేల్చారు. ఉష్ణమండలపు మబ్బుల నుంచి పైకి లేచే తరంగాలు అక్కడ విరిగి గాలిని తోయడమే దీనికి కారణం.

సూర్యుడు నడిపే పగలు రాత్రి, ఏడాది చుట్టు పక్కన పెడితే, గాలిలో ఇంత క్రమంగా తిరిగేది ఇంకొకటి లేదు. అది కూడా 2016లో ఒకసారి, 2019–20లో ఇంకొకసారి లయ తప్పింది. అన్నిటికంటే నమ్మకంగా తిరిగే ఆ చక్రం మీ చేనికి అంత ఎత్తున ఉండి, మీ వేరుశనగతో దానికి పెద్దగా సంబంధం లేకపోవడమే నాకు బాధ. మీకు కావలసిన చక్రమేమో మాట నిలుపుకోదు.

పనికొచ్చేది ఒకటి చెబుతాను. 30 నుంచి 60 రోజులకు ఒకసారి ఒక మబ్బుల దండు హిందూ మహాసముద్రం మీదుగా తూర్పుకు కదులుతుంది. మాడన్, జూలియన్ అనే ఇద్దరు 1971లో దాన్ని గుర్తించారు. అది దగ్గరికి వచ్చినప్పుడు వానలు ఊపందుకుంటాయి, దాటిపోయాక వరపు పడుతుంది. వాతావరణ శాఖ ప్రతి గురువారం నాలుగు వారాలకు ఇచ్చే అంచనాలో దీని లెక్క ఉంటుంది. ఏ ఏడు వేయాలో అది చెప్పదు. ఈ తడికి విత్తాలా, పది రోజులు ఆగాలా అన్నదానికి మాత్రం నేనైతే దాన్నే చూస్తాను. ఎనిమిదిలో రెండెకరాలు ఎటూ కందికే వదలండి.

ప్రశ్న: మా నాన్నగారి పాత బారోమీటరు గోడకు ఉంది. మబ్బు లేని రోజుల్లో కూడా ముల్లు రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతోంది. పాడైందా? — ఒక గృహిణి, కడప

జవాబు: పాడు కాలేదమ్మా, దాన్ని ఎవరికీ ఇచ్చేయకండి. నేనూ ఇదే అనుమానంతో పాత సామాన్ల దుకాణం అతనితో తగువు పడి, సగం డబ్బు వెనక్కి తీసుకుని వచ్చాను. తరువాత సిగ్గుపడి తిరిగి ఇచ్చాను. గాలికీ ఆటుపోట్లు ఉన్నాయి. ఉదయం 10కి, రాత్రి 10కి పీడనం పెరుగుతుంది, తెల్లవారుజామున 4కి, సాయంత్రం 4కి తగ్గుతుంది. సముద్రానికైతే ముఖ్యంగా చంద్రుడు, గాలికి సూర్యుడు. పైనున్న ఓజోను, కిందున్న నీటి ఆవిరి ఎండను పీల్చి వేడెక్కడమే దీనికి మూలం. మన ప్రాంతంలో ఇది స్పష్టంగా కనబడుతుంది, చలి దేశాల్లో తుపానుల హడావుడిలో కనబడకుండా పోతుంది. ముల్లు 10 గంటలకు కూడా ఎక్కకుండా దిగుతూనే ఉంటే, అప్పుడు బంగాళాఖాతం వైపు చూడండి.

ప్రశ్న: గాలిమరల దగ్గర రాత్రి కాపలా నాది. నా చుట్టూ ఆకు కదలదు, పైన రెక్క మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఎందుకు? — ఒక కాపలాదారు, ఉరవకొండ

జవాబు: పగలు నేల వేడెక్కి గాలిని కిందికీ పైకీ కలియబెడుతుంది, అందుకే పై గాలి జోరు మీ చొక్కాకు తగులుతుంది. రాత్రి నేల చల్లబడి కింది గాలి కదలక పడుకుంటుంది. పైగాలికి నేల ఒరిపిడి తప్పిపోయి ఇంకా జోరుగా పోతుంది. ఆషాఢంలో ఇది బాగా తెలుస్తుంది, అప్పుడు పడమటి గాలి బలమైనది. కార్తీకానికి గాలి ఈశాన్యానికి తిరిగి బలం తగ్గుతుంది, అప్పుడు పైన కూడా రెక్క ఆగడం మీరు చూసే ఉంటారు.