కోశాధికారి ఖాతాలో నాటక సమాజం డబ్బు: విరాళాలు చట్టబద్ధంగా తీసుకోవడం ఎలా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. పద్నాలుగు మందిమి కలిసి తొమ్మిదేళ్లుగా ఒక నాటక సమాజం నడుపుతున్నాం. అందరం ఉద్యోగులం, రిటైరైనవాళ్లం. ఎవరమూ పైసా తీసుకోం. పరిషత్తు పోటీలకు నాటికలు తీసుకువెళ్తాం, ఏటా మా ఊళ్లో మూడు రోజులు పోటీలు పెడతాం. సమాజానికి రిజిస్ట్రేషన్ లేదు, చందాలన్నీ కోశాధికారి సొంత ఖాతాకే వస్తాయి. ఈసారి ఒక రైస్ మిల్లు యజమాని 2 లక్షలు ఇస్తానంటూ 80జి రసీదు (దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించేది) అడుగుతున్నారు. మా దగ్గర అది లేదంటే, పక్క ఊరి ట్రస్టువారు తమ పేర రసీదు ఇచ్చి డబ్బు మాకు అందిస్తామంటున్నారు. అమెరికాలో స్థిరపడిన మా పాత నటుడు గత ఏడాది 60 వేలు పంపారు. ఇప్పుడు అక్కడి పౌరసత్వం వచ్చింది, 5 లక్షలు పంపుతానంటున్నారు. ఇవన్నీ కాదు, పోటీలకు టికెట్ పెడదామని కొందరంటున్నారు. వీటిలో ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు

జవాబు: మీరు అడిగినవాటన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, ఇప్పుడు మీ కోశాధికారి ఖాతాలో ఉన్న డబ్బు ఎవరిది అన్నది. మీ పద్నాలుగు మందికీ అది సమాజం డబ్బేనని తెలుసు. బ్యాంకుకు, ఆదాయపు పన్ను శాఖకు మాత్రం అది ఆయన డబ్బు. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ప్రతిఫలం లేకుండా అందిన మొత్తం 50,000 రూపాయలు దాటితే అది వ్యక్తి ఆదాయంగా లెక్కకు వస్తుంది. ‘ఇది నాది కాదు, సమాజానిది’ అని రుజువు చేసుకోవలసిన భారం ఆయన మీదే పడుతుంది. దురదృష్టవశాత్తు ఆయనకు ఏదైనా జరిగితే ఆ ఖాతా నామినీ చేతికి వెళుతుంది, అక్కడి నుంచి మైకు సెట్ వాళ్ల బాకీ తీర్చమని మీరు ఆయన కుటుంబం ఇంటి గడప తొక్కవలసి ఉంటుంది. నమ్మకస్తుడైన కోశాధికారికి చాలా సమాజాలు తెలియకుండా చేసే అన్యాయమిదే.

కాబట్టి మొదట ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సమాజాన్ని నమోదు చేయించండి. ఏడుగురు సభ్యులు చాలు. కళలు, సాహిత్యం, సంస్కృతుల అభివృద్ధి ఆ చట్టం పేర్కొన్న ఉద్దేశాల్లోనే ఉన్నాయి. ట్రస్టు మంచిదా, సొసైటీ మంచిదా అని చాలామంది అడుగుతుంటారు. ఒక కుటుంబమో, ఒక దాతో డబ్బు పెట్టి నడిపేచోట ట్రస్టు కుదురుతుంది; అందరూ సమానంగా చెమటోడ్చే మీలాంటి చోట, ఎన్నికైన కార్యవర్గం, సర్వసభ్య సమావేశం ఉండే సొసైటీయే నయమని నా అభిప్రాయం. పైగా సభ్యుల మధ్య తగాదా వస్తే మధ్యవర్తిత్వానికో, జిల్లా కోర్టుకో వెళ్లే మార్గాన్ని ఆ చట్టం 23వ సెక్షన్ చూపిస్తోంది. ‘పాత కార్యదర్శి రసీదు పుస్తకాలు ఇవ్వడం లేదు’ అన్న వివాదం రాని కళాసంస్థను నేను అరుదుగా చూశాను.

మెమోరాండం (సొసైటీ ఉద్దేశాలు తెలిపే పత్రం) రాసేటప్పుడు డాక్యుమెంట్ రైటర్ దగ్గరున్న నమూనాను యథాతథంగా దించవద్దు. నాటక కళాభివృద్ధి ప్రధాన ఉద్దేశమని, రాబడి, ఆస్తి ఏవీ సభ్యులకు పంచేది లేదని, సొసైటీ రద్దయితే మిగిలినది ఇలాంటి ఉద్దేశాలే ఉన్న మరొక సంస్థకే చెందుతుందని స్పష్టంగా రాయండి. ఆ మాటలు లేనందుకు తరువాత పన్ను మినహాయింపు దరఖాస్తులు ఆగిపోతాయి. రిజిస్ట్రేషన్ రాగానే సొసైటీ పేర పాన్ తీసుకుని, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తెరిచి, కోశాధికారి ఖాతాలో ఉన్న నిల్వను తీర్మానం రాసుకుని అందులోకి మార్చండి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేయడం మానవద్దు.

ఇక అమెరికా మిత్రుని సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం సాంస్కృతిక కార్యక్రమం ఉన్న ఏ వ్యక్తి అయినా, సంస్థ అయినా కేంద్ర హోం శాఖ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదు. రిజిస్టర్ కాని బృందం కూడా ఆ చట్టం దృష్టిలో సంస్థే కనుక, ‘మాకు ఇంకా రిజిస్ట్రేషనే లేదు కదా’ అన్న వాదన నిలవదు. ఉల్లంఘనకు అయిదేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మరుక్షణం, ఓసీఐ (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే) కార్డు ఉన్నా సరే, అదే మనిషి పంపే అదే డబ్బు విదేశీ విరాళమవుతుంది. తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాలు అక్కడ నమోదైన సంస్థలు కనుక వాటి సాయానికీ ఇదే నిబంధన. కాబట్టి ఈ 5 లక్షలు వద్దని ఆయనకు వెంటనే చెప్పండి. ఆయన తమ్ముడి ఖాతాకు పంపించి, అక్కడి నుంచి తెప్పించుకుందామన్న సలహా మీకు ఈపాటికి వచ్చే ఉంటుంది. బంధువు సొంత అవసరానికి పంపిన డబ్బు వేరు, సమాజానికి పంపుతూ బంధువు ఖాతాను దారిగా వాడుకోవడం వేరు. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థ ద్వారా తీసుకోవడమూ కుదరదు. 2020 సవరణ తరువాత అలా వచ్చిన విరాళాన్ని మరొకరికి బదిలీ చేయడం నిషిద్ధం.

మీరే ఆ విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలంటే మూడేళ్లు పనిచేసి ఉండాలి, ఆ మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. మీ స్థాయి సమాజానికి అది ఇప్పట్లో అందేది కాదు. గత ఏడాది వచ్చిన 60 వేల విషయంలో మాత్రం ఒక తేదీ కావాలి: ఆ డబ్బు పంపిన రోజున ఆయన భారత పౌరుడా, కాదా? పౌరుడే అయితే పాస్‌పోర్టు నకలు, బ్యాంకు బదిలీ వివరం తెప్పించి ఫైలులో పెట్టుకోండి, చాలు. కాకపోతే మిగిలిన సొమ్మును ముట్టుకోకుండా, మొత్తం కాగితాలతో ఒక న్యాయవాదిని నేరుగా కలవండి. ప్రాసిక్యూషన్ మొదలుకాక ముందు నేరాన్ని రాజీ చేసుకునే వీలు విదేశీ విరాళాల చట్టం 41వ సెక్షన్‌లో ఉంది.

మిల్లు యజమాని విషయంలో, పక్క ఊరి ట్రస్టు మాట మరిచిపోండి. తనకు రాని విరాళానికి రసీదు ఇవ్వడం ఆ ట్రస్టుకు, ఆ రసీదుతో మినహాయింపు కోరడం దాతకు, ఇద్దరికీ చిక్కే. ఆ ట్రస్టు ఉద్దేశాల్లో కళాభివృద్ధి ఉంటే, పోటీలను తానే తన పేర, తన లెక్కలతో నిర్వహించవచ్చు. మీరు వారికి సహకరించవచ్చు. అది నిజాయితీ గల దారి.

మీరే 80జి తెచ్చుకోవాలంటే ముందు 12ఎబి రిజిస్ట్రేషన్ (సంస్థ రాబడికి పన్ను మినహాయింపు ఇచ్చేది) కావాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025 అమలులోకి వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారాయి గానీ, జనం నోట పాత సంఖ్యలే ఉన్నాయి కనుక నేనూ వాటితోనే చెబుతున్నాను. కొత్త సంస్థకు మొదట తాత్కాలిక అనుమతి మూడేళ్ల కాలానికి ఇస్తారు. ఆ తరువాత ప్రతి దాత పేరు, పాన్, మొత్తం ఏటా పన్ను శాఖకు ఆన్‌లైన్‌లో తెలపాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. 2,000 మించిన నగదు విరాళానికి దాతకు మినహాయింపు దొరకదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి 80జి వల్ల ప్రయోజనమే లేదు. అంటే మీకు అయిదు వందలు, వెయ్యి ఇచ్చే మాస్టార్లకు అది అక్కరలేదు. నాటిక విరామంలో డబ్బా తిప్పే అలవాటు ఉంటే మరో జాగ్రత్త: దాత పేరు, చిరునామా లేని విరాళాలు ఏడాదికి లక్ష రూపాయలు లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటిన భాగం మీద 30 శాతం పన్ను పడుతుంది.

నిజానికి ఆ యజమానికి 80జి కంటే మేలైనది ఉంది. 80జి కింద 2 లక్షలు ఇస్తే లక్షే మినహాయింపు, దానికీ ఆదాయంలో పదో వంతు పరిమితి. అదే మిల్లు తరఫున సావనీర్‌లో ప్రకటన, వేదిక మీద బ్యానర్ తీసుకుని బిల్లు మీద చెల్లిస్తే, వ్యాపార ప్రచార ఖర్చుగా మొత్తం 2 లక్షలూ చూపుకునే వీలుంది; ప్రకటన నిజంగా అచ్చవాలి, డబ్బు బ్యాంకు ద్వారా రావాలి. దాని మీద జీఎస్టీ ఎవరు కట్టాలో వారి ఆడిటర్‌ను ముందే అడిగించండి. అయితే మీరు 12ఎబి తీసుకున్నాక, ప్రకటనలు, టికెట్ల వంటి వాణిజ్య రాబడి ఆ ఏడాది మొత్తం రాబడిలో 20 శాతం దాటితే ఆ సంవత్సరపు మినహాయింపు పోతుంది. ఏటా 4 లక్షలతో నడిచే సమాజం ఒక్క మిల్లు నుంచే 2 లక్షల ప్రకటన తీసుకుంటే పరిమితి దాటినట్టే. అందువల్ల ఈ ఏడాది సొసైటీ రిజిస్ట్రేషన్ ముగించుకుని ప్రకటన రూపంలో తీసుకోండి, 12ఎబి, 80జి దరఖాస్తులు తరువాతి ఏడాదికి ఉంచుకోండి అంటాను.

ప్రభుత్వ గ్రాంట్లకూ వయసు కావాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ కళా సంస్కృతి వికాస్ యోజనలో నాటక ప్రదర్శనలకు, ఉత్సవాలకు సాధారణంగా 5 లక్షల వరకు ఇచ్చే పథకం ఉంది. అందుకు రిజిస్టరై మూడేళ్లు నిండాలి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులకూ 12ఎబి, 80జి, మూడేళ్ల అనుభవం అడుగుతారు. మీ తొమ్మిదేళ్ల సేవ కాగితం మీద లేదు కనుక లెక్క ఇప్పుడే మొదలవుతుంది. ఆ లెక్క బలంగా ఉండాలంటే నటీమణుల పారితోషికానికి, మేకప్, లైటింగ్, వ్యాన్ కిరాయిలకు సంతకం చేయించిన వోచర్లు ఉంచండి. ఒకరికి ఒకే రోజు 10,000 మించి నగదు ఇవ్వవద్దు.

టికెట్ విషయం తేలికగా కనిపిస్తుంది గానీ అందులో ఒక మెలిక ఉంది. 500 రూపాయల వరకు నాటక ప్రవేశ రుసుముకు జీఎస్టీ లేదు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మాత్రం, ఔత్సాహిక సమాజం డబ్బు తీసుకోకుండా ప్రేక్షకులకు చూపే ప్రదర్శనకో, మత సంస్థ సహాయార్థం ఇచ్చే ప్రదర్శనకో మాత్రమే మినహాయింపు ఇస్తోంది. మీరు 50 రూపాయలు పెట్టినా ఆ రక్షణ పోయినట్టే. రచయిత జీవించి ఉన్నా, మరణించి 60 ఏళ్లు నిండకపోయినా అనుమతి తప్పనిసరి. మీ పోటీలకు వచ్చే ప్రతి సమాజం దగ్గరా ఆ అనుమతి ఉండాలి. ‘ఫోన్‌లో సరేనన్నారు’ అన్నది కోర్టులో పనికిరాదు. ఎన్ని ప్రదర్శనలు, ఏ తేదీల్లో, ఎంత మొత్తానికి అన్న మూడు వివరాలతో రచయిత సంతకం చేసిన ఉత్తరాన్ని ఎంట్రీ ఫారంతో పాటే తీసుకోండి.