ఆ పెన్సిల్ గీత దగ్గరికి నాన్నగారిని తీసుకెళ్లండి

ప్రశ్న: మాది ఫర్నిచర్ తయారుచేసే కుటుంబ కంపెనీ. నాన్న, బాబాయ్ కలిసి మొదలుపెట్టారు. ఫ్యాక్టరీ అన్నయ్య చూసుకుంటాడు. నేను ఇంటీరియర్ డిజైన్ చదివి, మూడేళ్ల కిందట అందులోనే డిజైన్ విభాగం మొదలుపెట్టాను. క్లయింట్ చెప్పేదంతా విని, వాళ్లు బతికే తీరుకు తగ్గట్టు డిజైన్ చేయడం నా పద్ధతి. ఈమధ్య ఒక క్లయింట్ వాళ్లమ్మగారికి భుజం నొప్పి, చెయ్యి పైకి లేవడం లేదని తెలిసింది. ఆవిడను గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి ఎంతవరకు అందుతుందో పెన్సిల్‌తో గీత పెట్టాను. నేల నుంచి 4 అడుగుల 9 అంగుళాలు. వార్డ్‌రోబ్‌లో బట్టలు తగిలించే రాడ్ ఆ ఎత్తులోనే రావాలని డ్రాయింగ్‌లో రాశాను. నేను ఊళ్లో లేని రెండు రోజుల్లో నాన్న క్లయింట్‌కి ఫోన్ చేసి, రెడీగా ఉన్న సైజయితే వారంలో ఇచ్చేస్తామని ఒప్పించారు. షట్టర్లకు, అంటే వార్డ్‌రోబ్ తలుపులకు, నేను రాసిన ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో కలిపి నొక్కి చేసే బోర్డు) తీసేసి ప్లైవుడ్ పెట్టించారు. బిగించాక చూస్తే రాడ్ నా గీతకు 11 అంగుళాలు పైన ఉంది. నాన్నతో మాటల్లేక మూడు వారాలైంది. ఏం చెప్పాలన్నా అమ్మతోనే. అమ్మ రోజూ ఏడుస్తోంది. బయటికొచ్చి సొంతంగా పెట్టుకోనా?

జవాబు: ఇప్పుడైతే బయటికి రావద్దు. అలాగని ఇదే తీరులో లోపల ఉండిపోవద్దు కూడా. ఈ కోపంలో పెట్టే ఆఫీసు నాన్నకు బుద్ధి చెప్పడానికి పెట్టినదవుతుంది. అందులోకి వచ్చే క్లయింట్‌కి దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

పైన కుదించి వేసిన మీ నాలుగు పేజీల ఉత్తరం రెండుసార్లు చదివాను. చదివాక నా మనసు ఆ పెద్దావిడ దగ్గరే ఆగిపోయింది. ఈ మూడు వారాలూ ఆవిడకు బట్టలు ఎవరు తీసిస్తున్నారు? మీ ఉత్తరంలో ఆ సంగతి ఎక్కడా లేదు. నాన్న ఏమన్నారు, అన్నయ్య ఎందుకు నోరు మెదపలేదు, ఇవన్నీ ఉన్నాయి. మిమ్మల్ని నొప్పించాలని అనడం లేదు. గొడవ పెద్దదైనప్పుడు ఎవరి కోసం గొడవపడ్డామో వాళ్లే మరుగున పడిపోతారు. రాడ్ కిందికి దించడానికి బ్రాకెట్లు విప్పి మళ్లీ బిగించాలి, అంతే కదా. నాన్నతో తేల్చుకునే దాకా దాన్ని ఆపకండి. ఈ వారమే చేయించండి.

ఇంకో సంగతి గమనించాను. నాన్నగారి మాటలు రాసిన ప్రతిచోటా ‘కస్టమర్’ అని ఉంది. మీ మాటల్లో ‘క్లయింట్’ అని ఉంది. కౌన్సెలింగ్ పని చేసేవాళ్లకు ఈ రెండో మాట మీద ప్రత్యేకమైన మమకారం ఉంటుంది. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940లలో, సలహా కోసం వచ్చే మనిషిని పేషెంట్ అనడం మాని క్లయింట్ అనడానికి పేరుపడ్డారు. తన బతుకు గురించి అందరికన్నా తనకే బాగా తెలుసు, దాన్ని శ్రద్ధగా వినడమే మన పని అన్నది ఆయన నమ్మకం. మీరు గోడ మీద పెట్టిన గీత సరిగ్గా ఆ పనే. అది చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

కానీ నాన్నగారి ‘కస్టమర్’ని కూడా తక్కువగా చూడకండి. బాత్రూమ్ గోడకు ఆనుకుని ఉంది, తేమకు ఎండీఎఫ్ ఉబ్బుతుందని ఆయన అంటే, మీరు దాన్ని ‘సాకు’ అని రాశారు. అది సాకు కాదమ్మా. మామూలు ఎండీఎఫ్ తేమ పీలిస్తే ఉబ్బుతుంది, హింజ్ స్క్రూలు పట్టు వదిలేస్తాయి, షట్టర్ వాలిపోతుంది. ఏళ్ల తర్వాత వాలిన షట్టర్ ఫోటో పట్టుకొచ్చే మనిషి ఆయన కస్టమర్. ఇవాళ చెయ్యి పైకెత్తలేని మనిషి మీ క్లయింట్. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. రాడ్ దగ్గర ఆయనది తప్పు, షట్టర్ దగ్గర మీది తప్పు. డ్రాయింగ్ మీద సంతకాలు పడకముందే ఆయనకు ఒకసారి చూపించి ఉంటే రెండూ తప్పేవి.

ఇక అసలు విషయం. మూడో పేజీలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటుంది: ‘కిచెన్, వార్డ్‌రోబ్‌లు మా దగ్గర చేయించుకుంటే డిజైన్ ఉచితం.’ నా దృష్టిలో మీ గొడవకు వేరు అక్కడే ఉంది. ఫ్యాక్టరీకి ఒకే సైజు మళ్లీ మళ్లీ చేయడంలో లాభం. కటింగ్ లెక్క మారదు, బోర్డు వృథా కాదు, మెషీన్ సెట్టింగ్ మార్చక్కర్లేదు. ఆర్డర్ ఉన్నా లేకపోయినా జీతాలు ఆగవు. మీ పని దీనికి పూర్తిగా తలకిందులు. ఒక ఇంట్లో పొద్దున ఎవరు ముందు లేస్తారు, చీకట్లో స్విచ్ కోసం ఎక్కడ తడుముకుంటారు అని కూర్చుని వినడానికే మీకు రోజులు పడతాయి. ఆ రోజులకు ఖాతాలో ఒక్క పైసా కనపడదు. ఉచితంగా ఇచ్చేదాన్ని మార్చేయడానికి ఎవరూ పెద్దగా ఆలోచించరు. మీ గీత ఖరీదు ఆ కంపెనీలో ఇవాళ సున్నా, అందుకే అంత తేలిగ్గా చెరిగిపోయింది.

కాబట్టి డిజైన్‌కు ఫీజు విడిగా తీసుకోండి. మొదట్లో చిన్న మొత్తమైనా సరే, కొటేషన్‌లో దానికంటూ ఒక వరుస ఉండాలి, మీ విభాగానికి వేరే ఖాతా ఉండాలి. ఇంకో మాట, ఇది మీకు కష్టంగా ఉంటుంది. ఒక ఇంటికి మీ ఫ్యాక్టరీ సరుకు కన్నా బయటిది బాగా నప్పితే, ఆ మాట క్లయింట్‌తో అనగలరా? ఈ ఫ్యాక్టరీ మాదే అని మొదటి మీటింగ్‌లోనే చెబుతున్నారా? ఈ రెండూ లేకపోతే క్లయింటే ముఖ్యం అన్న మాట మీ బోర్డు మీదే మిగిలిపోతుంది. దీని మీద నాన్నగారూ బాబాయ్‌గారూ ఏమంటారో అడిగి తెలుసుకోండి. నాకైతే ఇది ఆ వార్డ్‌రోబ్ గొడవ కన్నా పెద్ద ప్రశ్న.

కుటుంబ వ్యాపారాల మీద 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో రెనాటో టగియూరి, జాన్ డేవిస్ ఒక బొమ్మ గీశారు. ఒకదాని మీదికి ఒకటి కొంచెం జరిగిన మూడు వృత్తాలు. ఒకటి కుటుంబం, ఒకటి యాజమాన్యం (అంటే వాటాలు ఎవరివన్నది), ఒకటి వ్యాపారం. నాన్నగారు మూడింట్లోనూ ఉన్నారు. ‘నువ్వు ఊళ్లో లేవు కదా, పని ఆగకూడదని నేను చూసుకున్నాను’ అన్నారని రాశారు. కుటుంబం వైపు నుంచి చూస్తే ఆ మాటలో ప్రేమే ఉంది. వ్యాపారం వైపు నుంచి చూస్తే ఒక విభాగం చూసే మనిషికి చెప్పకుండా ఆమె నిర్ణయాన్ని కొట్టేయడం. ఆయన మొదటిది చెబుతున్నారు, మీకు రెండోది వినిపిస్తోంది. ఇక యాజమాన్యం సంగతి. కంపెనీలో మీకు వాటా ఉందా? అన్నయ్యకు ఉందా? నాలుగు పేజీల్లో దాని ఊసే లేదు. మొహమాటపడకుండా అడగండి. ఉండాలా, వెళ్లాలా అన్నది ఆ జవాబు తెలియకుండా తేల్చుకునే విషయం కాదు.

అమ్మగారి విషయం ఇవాళే సరిచేయండి. ఇద్దరి మధ్య టెన్షన్ భరించలేనంత అయినప్పుడు మూడో మనిషిని మధ్యలోకి లాగుతారని, దాంతో వాళ్లిద్దరికీ కాస్త ఊపిరాడుతుందని కుటుంబ చికిత్సలో పేరున్న మనోవైద్యుడు మర్రే బోవెన్ చెప్పారు. బరువంతా ఆ మూడో మనిషి మీద పడుతుంది. ‘అమ్మా, ఇకనుంచి ఆఫీసు కబుర్లు నీతో పంపను, నాన్నతో నేనే మాట్లాడతాను’ అని ఈ రాత్రే చెప్పండి.

నాన్నగారితో మాట్లాడేది మాత్రం ఇంట్లో వద్దు, ఆఫీసులో టైమ్ అడిగి కూర్చోండి. అడగాల్సినవి ఎక్కువేం లేవు. క్లయింట్‌తో మాట్లాడేది ఒక్కరే, ఆ ఒక్కరు మీరు. సంతకాలకు ముందు ప్రతి డ్రాయింగూ నాన్నగారి చేతికి వెళ్లాలి. మెటీరియల్, ఫిట్టింగ్స్ మీద ఆయన వద్దంటే వద్దు, మీరు వినాలి. సంతకాలు పడ్డాక మళ్లీ క్లయింట్ సంతకం లేకుండా అంగుళం కూడా మారకూడదు. అన్నయ్య ఆ కాగితం చూశాకే కటింగ్ మొదలుపెట్టాలి. ఇలా మూడు ప్రాజెక్టులు చేసి చూడండి. ఒప్పుకున్నాక కూడా మళ్లీ మీ వెనకాల ఫోన్ వెళితే, అప్పుడు బయటికి రండి. చెప్పి రండి. నప్పినచోట ఫర్నిచర్ ఆ ఫ్యాక్టరీ నుంచే కొనేట్టు మాట్లాడుకుని రండి. అలా వస్తే నేను దాన్ని విడిపోవడం అనను.

అంతకన్నా ముందు, రాడ్ దించే రోజు నాన్నగారిని కూడా రమ్మనండి. వాదించడానికి కాదు, మీ మూడు వారాల కోపం ఆ ఇంట్లో దించొద్దు. గుమ్మం దాటాక మొదటి మాటగా షట్టర్ గురించి మీరు చెప్పిందే కరెక్ట్ నాన్నా అనండి. తర్వాత టేపు ఆయన చేతికిచ్చి, గీత ఎక్కడుందో చూపించండి. కొలత ఆయన్నే తీయనివ్వండి.