గోల్డ్ కోస్ట్‌లో అద్దె ఇల్లు: వెలిగే బాల్కనీలు లెక్కపెట్టుకో

ప్రశ్న: అక్కా, మా ఆయనకి గోల్డ్ కోస్ట్ యూనివర్సిటీ హాస్పిటల్లో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెలలో ఆస్ట్రేలియా బయల్దేరుతున్నాం. బాబుకి రెండేళ్ళు. సర్ఫర్స్ పారడైజ్‌లో సముద్రానికి ఎదురుగా పద్దెనిమిదో అంతస్తులో ఫ్లాట్ ఒకటి ఫొటోల్లో చూసి బాగా ఇష్టపడ్డాం. తీసుకోవచ్చా? వేరే ఏరియాలు ఏవి మంచివి? కారు లేకుండా నెట్టుకు రాగలమా?

జవాబు: ఆ ఫ్లాట్ తీసుకోకు చెల్లెమ్మా. కారణం కొంచెం పెద్దదే, ఓపిగ్గా విను.

2012 డిసెంబరులో మేమూ అచ్చం ఇలాగే దిగాం. అదే సర్ఫర్స్, పదహారో అంతస్తు. ఏజెంటు బాల్కనీ అద్దం పక్కకి జరిపేసరికి ఎదురుగా సముద్రం తప్ప ఇంకేమీ లేదు. నాకు నోట మాట రాలేదు. వారానికి 60 డాలర్లు ఎక్కువవుతుందని మా ఆయన అంటే, పగలంతా ఇంట్లో ఉండేది నేనే కదా, నాకిదే కావాలి అన్నాను. వారం అద్దెని నాలుగుతో గుణించి నెల లెక్క వేసుకున్నాం. అదొక తప్పు. 52తో గుణించి 12తో భాగిస్తేనే నెలకి ఎంతో తేలుతుంది, మీరు అలాగే వేసుకోండి. డబ్బు తప్పులు మేం తొందరగానే దిద్దుకున్నాం. ఇల్లు ఎంచుకోవడంలో చేసిన తప్పు మాత్రం ఏడాదిపాటు అనుభవించాం.

మొదటి వారం పక్క ఫ్లాట్లో ఇద్దరు పిల్లలతో ఒక కుటుంబం ఉంది. లిఫ్టులో ఆవిడ పలకరించింది, పిల్లల పేర్లు చెప్పింది. పక్కింటివాళ్ళు మంచివాళ్ళండీ అని ఆ రాత్రి మా ఆయనతో ఎంత సంబరంగా చెప్పానో. శనివారం పొద్దున వరండాలో సూట్‌కేసుల చక్రాల చప్పుడు. వాళ్ళు సెలవులకి వచ్చినవాళ్ళు. మధ్యాహ్నం ఒకామె వచ్చి దుప్పట్లు మార్చి వెళ్ళింది, సాయంత్రానికి ఆ తలుపు వెనక వేరే గొంతులు. తర్వాత తెలిసింది, మా అంతస్తులో ఆరు ఫ్లాట్లుంటే ఏడాది పొడుగునా కాపురం ఉండేది మేమొక్కరమేనని. మిగతా అయిదూ హాలిడే లెటింగ్‌కి, అంటే సెలవులకి వచ్చేవాళ్ళకి రోజుల లెక్కన అద్దెకి, ఇచ్చినవి. లిఫ్టులో కనిపించిన ప్రతివాళ్ళూ నవ్వుతూ పలకరిస్తారు, ఎన్నాళ్ళుంటారు అని అడుగుతారు. ఇక్కడే ఉంటాం అంటే, అదృష్టవంతులు అంటారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఏడాది మొత్తంలో నా పేరు గుర్తుపెట్టుకుని పిలిచినవాళ్ళు ఆ బిల్డింగులో ఒక్కరూ లేరు.

ఫోన్ ఉంది కదా, అమ్మతో మాట్లాడుకోవచ్చు అనుకుంటావు. నేనూ అనుకున్నాను. గోల్డ్ కోస్ట్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో గడియారం ఇండియా కంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది. మీ ఆయన డ్యూటీకి వెళ్ళాక పొద్దున ఎనిమిదింటికి నువ్వు ఒక్కదానివీ కూర్చునే సమయానికి అక్కడ తెల్లవారుజాము మూడున్నర. అమ్మ లేచేసరికి ఇక్కడ పదిన్నర, పదకొండు. డిసెంబరులో, అంటే ఇక్కడి ఎండాకాలంలో, అయిదు కాకముందే సూర్యుడు వచ్చేస్తాడు, ఎండాకాలమని గడియారాలు ముందుకి జరిపే పద్ధతి ఇక్కడ లేదు. అంటే తెల్లారాక దాదాపు ఆరు గంటలపాటు నీ మాట వినేవాళ్ళు ఎవరూ మేలుకుని ఉండరు. జూన్‌లో ఇంకో రకం కష్టం. సాయంత్రం అయిదింటికే చీకటి పడుతుంది. బీచ్‌కి పోదామంటే, సర్ఫర్స్‌లో మధ్యాహ్నం దాటేసరికి ఆ ఎత్తయిన బిల్డింగుల నీడే ఇసుక మీద పరుచుకుంటుంది, చలేస్తుంది. నేను ఆ చలికాలమంతా బాల్కనీ కర్టెన్ వేసుకుని కూర్చున్నాను. ఏ సముద్రం కోసమైతే డబ్బు ఎక్కువ ఇచ్చామో, దాన్ని చూడబుద్ధయ్యేది కాదు.

అంతకుముందు జనవరి సంగతి కూడా చెప్పాలి. 2013లో ఆస్వాల్డ్ తుఫాను బలహీనపడి తీరం వెంబడి దక్షిణానికి దిగింది, సరిగ్గా ఆస్ట్రేలియా డే సెలవుల్లో. వాన మొదలవగానే పక్క ఫ్లాట్లవాళ్ళు ఒకరోజు ముందే సర్దుకుని వెళ్ళిపోయారు. పని మీద బ్రిస్బేన్ వెళ్ళిన మా ఆయన ఆ రాత్రి రాలేకపోయారు. పదహారో అంతస్తులో గాలి ఎలా ఉంటుందో నేల మీద ఉన్నవాళ్ళకి తెలియదు. అద్దం తలుపు సందుల్లోంచి ఈల వేసినట్టు ఒకటే మోత, కింద తలుపు జరిగే పట్టా మీదుగా నీళ్ళు గదిలోకి వచ్చేస్తున్నాయి. కరెంటు పోయింది. ఉన్న తువ్వాళ్ళన్నీ తలుపు కింద కుక్కి, వరండాలోకి వచ్చి అయిదు తలుపులూ కొట్టాను. ఏ ఒక్కటీ తెరుచుకోలేదు. తెల్లవార్లూ గుమ్మం దగ్గరే కూర్చున్నాను.

ఏడాది లీజు పూర్తికాగానే లాబ్రడార్‌కి మారాం. గోల్డ్ కోస్ట్‌లోనే సౌత్‌పోర్ట్ ఏరియాని ఆనుకునే ఉంటుంది. పాత ఇటుకల డూప్లెక్స్, సముద్రం కనిపించదు, కానీ పది నిమిషాలు నడిస్తే బ్రాడ్‌వాటర్ అనే సముద్రపు పాయ. బయట సౌత్ స్ట్రాడ్‌బ్రోక్ దీవి, స్పిట్ అనే ఇసుక తిన్నె అడ్డం ఉండబట్టి అక్కడ నీళ్ళు చెరువులా కదలకుండా ఉంటాయి. గోడ అవతల ఒక ముసలాయన, భార్య పోయి ఒంటరిగా ఉండేవాడు. మూడో రోజున చెత్తడబ్బా ఏ వారం ఏది బయట పెట్టాలో చెప్పడానికి వచ్చాడు. నాకు ఆ దేశంలో మొదటి పరిచయం ఆయనే. మా పాప పుట్టింది ఆ ఇంట్లోనే, ఇప్పుడు మా సొంత ఇల్లూ ఆ వీధిలోనే. 2025 మార్చిలో ఆల్ఫ్రెడ్ తుఫాను వచ్చి బీచ్‌ల ఇసుకంతా కోసుకుపోయినప్పుడు, ఎదురింటాయన తన ఇసుక బస్తాలతోపాటు మా గుమ్మానికీ తెచ్చి వేశాడు. రెండు రోజులు కరెంటు లేకపోతే గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో వీధి వీధంతా టీ కాచుకుని తాగాం.

ఇప్పుడు వచ్చేవాళ్ళకి ఫోన్లో అన్నీ తెలుస్తాయన్న ధీమా ఉంటుంది. గదులెన్నో, కిచెన్ ఎలా ఉందో తెలుస్తుంది. చుట్టూ మనుషులు కాపురం ఉంటున్నారా లేదా అన్నది ఫొటోలో పడదు, అది వెళ్ళి చూడాలి. స్కూలు సెలవులు కాని రోజుల్లో, మంగళవారమో బుధవారమో రాత్రి ఏడున్నరకి ఆ బిల్డింగుకి ఎదురుగా రోడ్డు మీద నిలబడి వెలుగుతున్న బాల్కనీలు లెక్కపెట్టు. మూడింట రెండు వంతులు చీకటిగా ఉంటే తిరిగి వచ్చేయ్. కింద లాబీలో సామాన్లు తోసుకెళ్ళే బండ్లు వరసగా ఉన్నా, గేటు ఊచలకి తాళంచెవులు పెట్టే నంబర్ డబ్బాలు గుత్తులుగా వేలాడుతున్నా అది పేరుకే అపార్ట్‌మెంట్. బిల్డింగు పేరు హాలిడే బుకింగ్ సైట్లలో వెతికినా తెలిసిపోతుంది. ఆన్‌సైట్ మేనేజరు, అంటే బిల్డింగులోనే ఉండి చూసుకునే మనిషి, ఉంటే మొహమాటపడకుండా అడుగు, ఎన్ని ఫ్లాట్లు లెటింగ్ పూల్‌లో (సెలవుల అద్దెకి ఇచ్చే జాబితాలో) ఉన్నాయి, ఎన్నింట్లో పర్మనెంట్‌గా ఉంటున్నారు అని. వాళ్ళకి అది అలవాటైన ప్రశ్నే. చిన్న చక్రాల సైకిళ్ళు, బాల్కనీ లోపల ఆరేసిన స్కూలు యూనిఫారాలు కనిపిస్తే మాత్రం ఆ ఇంటిని వదలకు, టైల్స్ పాతవైనా సరే.

మీకైతే ముందు సౌత్‌పోర్ట్, లాబ్రడార్ చూడమంటాను. హాస్పిటల్ దగ్గర, బ్రాడ్‌వాటర్ పార్కులో బాబు ఆడుకుంటాడు, సౌత్‌పోర్ట్ లైబ్రరీలో పసిపిల్లలకి కథలు, పాటలు పెడతారు. అక్కడికి వెళ్ళేది బాబు కోసం అనుకోకు, నీ కోసం వెళ్ళు. వరసగా నాలుగు వారాలు ఒకే రోజు, ఒకే సమయానికి వెళ్తే అయిదో వారం నువ్వు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్ళు తయారవుతారు. రొబీనా, వార్సిటీ లేక్స్ సముద్రానికి లోపలగా ఉంటాయి, కుటుంబాలు ఎక్కువ, రైలు ఉంది, కానీ మీ ఆయనకి దూరం. బర్లీ హెడ్స్ అందమైనదే, అద్దె చూసి నిర్ణయించుకోండి. హోప్ ఐలాండ్, కూమెరా వైపు కాలవల పక్క ఇళ్ళు తీసుకుంటే సాయంత్రం చిన్న దోమల్లాంటి మిడ్జ్‌లు కుడతాయి, పసివాడితో కష్టం. సర్ఫర్స్‌లో అక్టోబరు కారు రేసులకి వీధులు మూస్తారు, నవంబరు చివర్లో స్కూలు ముగించిన పిల్లల హడావిడి ఉంటుంది. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. పలకరించే మనిషి లేకపోవడం ఓర్చుకోలేం.

రూల్స్ సంగతి ఆర్‌టీఏ (అద్దె ఇళ్ళ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో అన్నీ ఉన్నాయి, చదువుకోండి. మామూలుగా బాండ్, అంటే అడ్వాన్సు, నాలుగు వారాల అద్దె, అది ఆర్‌టీఏ దగ్గర ఉంటుంది. ఇల్లు చేరేటప్పుడు ఏది ఏ స్థితిలో ఉందో రాసే ఎంట్రీ కండిషన్ రిపోర్టు ఏడు రోజుల్లో నింపి ఇవ్వాలి. సముద్రం పక్క ఇంట్లో తలుపుల పట్టాలు ఉప్పుగాలికి తుప్పు పడతాయి, మేం రాయకపోవడంతో ఆ తుప్పు మా మీద పడింది. ఫొటోలు తీసి పెట్టుకోండి. మధ్యలో లీజు వదిలేస్తే ఎంత కట్టాలన్నదానికి 2024 సెప్టెంబరు నుంచి పరిమితి ఉంది. మాకు ఆ వీలు లేకే ఏడాదంతా ఉండిపోయాం. ఇంటి అడ్రసు వరద ముంపులో ఉందేమో కౌన్సిల్ సైట్‌లో చూసుకోండి.

సముద్రం మీద అంత మనసుంటే, మొదటి మూడు వారాలు సర్ఫర్స్‌లోనే ఆ పద్దెనిమిదో అంతస్తులాంటి చోట దిగండి. ఆశ తీరుతుంది. లీజు మీద సంతకం మాత్రం ఆ వారాల్లో సౌత్‌పోర్ట్ అంతా తిరిగాకే పెట్టండి.

కారు లేకుండా మొదటి ఏడాది గడుస్తుంది, ఇల్లు ట్రామ్ దారికి నడిచే దూరంలో ఉంటే. మేం వచ్చినప్పుడు ట్రామ్ లేదు, 2014లో మొదలైంది. హాస్పిటల్ ముందే స్టాపు ఉంది, సౌత్‌పోర్ట్ నుంచి కొద్ది స్టాపులే. 2017 నుంచి హెలెన్స్‌వేల్ దాకా వెళ్తుంది, అక్కడ బ్రిస్బేన్ రైలు ఎక్కొచ్చు. 2024 ఆగస్టు నుంచి ఒక ప్రయాణానికి టికెట్టు 50 సెంట్లే. కాబట్టి ఇంట్లో ఉక్కగా అనిపించిన రోజున బాబుని బండిలో కూర్చోబెట్టుకుని బయటికి వచ్చేయ్, ట్రామ్ ఎక్కి ఆ చివరి దాకా వెళ్ళి రా. పొద్దున పదింటికి వెళ్తే రోజూ ఒకే మొహాలు కనిపిస్తాయి. ముందు నువ్వే పలకరించు.